బ్లీచింగ్ సగానికి తగ్గించమన్నాను

నేను రాసిన రిపోర్టు తప్పని ఒప్పుకోవడానికి నాకు పద్దెనిమిది రోజులు పట్టింది. ఆ పద్దెనిమిది రోజుల్లో ఒక మనిషికి పర్మనెంటు కావలసిన ఉద్యోగం కాకుండా పోయింది. ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న అమ్మాయిలూ అబ్బాయిలూ, ఇది మీకోసమే రాస్తున్నాను. నా సర్వీసులో చెప్పుకోదగ్గ ఘనకార్యాలు రెండో మూడో ఉన్నాయి. అవన్నీ రిటైర్మెంటు రోజున శాలువా కప్పినవాళ్ళు చెప్పేశారు. దీని సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. చదివాక మీకు తికమకగా ఉంటే తప్పు మీది కాదు. నాకూ ఇప్పటికీ సగం తికమకే.

ఎనభైల మధ్యలో మాట. నేను తెనాలిలో తాగునీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో జూనియర్ ఎనలిస్టుని. ఇల్లు బాపట్లలో. పొద్దున్నే పాసింజరెక్కి తెనాలి పోవడం, సాయంత్రం మళ్ళీ పాసింజర్లో ఇంటికి రావడం. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు. బెంజీన్ రింగులు నిద్దట్లో లేపి అడిగినా గీసేసేదాన్ని. తీరా ఉద్యోగంలో చేరాక చేసే పని ఏంటంటే, సీసాలు కడగడం, నీళ్ళలో ఉప్పెంత, మడ్డెంత, క్లోరిన్ ఎంత అని చూసి రాయడం. ఇంత చదువు చదివి ఇదా నా బతుకు అని రోజూ ఒళ్ళు మండేది. ఆ మంట ఎవరిమీద చూపించాలో తెలియక అందరిమీదా చూపించేదాన్ని.

మా చీఫ్ కెమిస్టు పెద్దాయన, మంచాయన. ఒకటే ఇబ్బంది. ఆయన నస్యం పీలుస్తారు. ల్యాబులో వాసన పరీక్ష రూలు ప్రకారం ఆయనే చెయ్యాలి. సీసా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, గంభీరంగా తలూపి 'నిల్' అని రాసేవారు. మురుగ్గుంట నీళ్ళిచ్చినా నిల్లే. అసలు వాసన చూసేది మా అటెండరు పిన్నిగారు. ఆవిడకి చదువు లేదు గానీ ముక్కు మాత్రం ముక్కే. ఫలానా సీసాలో కిరసనాయిలు కలిసిందండి అంటే కలిసినట్టే.

ఆ ఏడు ఎండలు ముదిరాక, కాలువలు కట్టేసిన రెండో వారంలో ఫిర్యాదొచ్చింది. రేపల్లె అవతల ఒక పెద్ద పంచాయతీ, పేరు చెప్పను. మన డెల్టాలో వేసవిలో కాలువ నీళ్ళు ఆపేస్తారు కదా, దానికి ముందే ఊరి మంచినీళ్ళ చెరువు నింపి పెట్టుకుంటారు. ఆ నీళ్ళు ఇసుక ఫిల్టరులో దిగి, ఒక చిన్న కాలవ గుండా సంపులోకి పోతాయి. సంపులో బ్లీచింగ్ పౌడరు కలిపి ట్యాంకుకి ఎక్కిస్తారు. ఇంతే ప్లాంటు. ఆ ఊరి కుళాయి నీళ్ళు ఆస్పత్రి వాసన కొడుతున్నాయని ఫిర్యాదు. కాఫీ పెట్టుకుంటే కాఫీలో, అన్నం వండితే అన్నంలో అదే వాసనట.

నేను సీసాల పెట్టె పట్టుకుని తెనాలి నుంచి రేపల్లె రైలెక్కి, అక్కడి నుంచి బస్సులో ఆ ఊరు చేరేసరికి పదకొండయింది. గొడుగున్నా మాడు మండిపోతోంది. ప్లాంటు దగ్గర అసిస్టెంటు ఇంజనీరు, అంటే ఏఈ గారు, మోటారు సైకిలు మీద సిద్ధంగా ఉన్నారు. ఆయన పక్కన ఆపరేటరు నిలబడి ఉన్నాడు.

ఆపరేటరు అన్నాను గానీ కాగితం మీద ఆయన ఆపరేటరు కాడు. రోజుకూలీ మీద పనిచేసే ఎన్ఎంఆర్ మనిషి. పన్నెండేళ్ళుగా ఆ ప్లాంటు తాళాలు ఆయన దగ్గరే ఉన్నాయి. ఫిల్టరు గీకడం, మోటారు వెయ్యడం, బ్లీచింగ్ కలపడం, కుళాయి లీకయితే పరిగెత్తడం అంతా ఆయనే. ఊరికి విడిగా, చర్చి చుట్టూ ఉన్న లూథరన్ పేటలో ఇల్లు. ఆదివారం కూడా మోటారు వేసి, ట్యాంకు నిండాకే గుడికి వెళ్ళేవాడట. వయసులో నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. మా అటెండరుని పిన్నిగారూ అన్నదాన్నే, ఆయన్ని మాత్రం 'ఏమయ్యా' అనేదాన్ని. ఎందుకలా అన్నానంటే, అందరూ అలాగే అనేవాళ్ళు.

ఆ నెలలోనే పన్నెండేళ్ళుగా ఎదురుచూస్తున్న లిస్టు తయారవుతోంది. ఎన్ఎంఆర్ వాళ్ళలో కొందరిని పర్మనెంటు చేస్తారు. ఏఈ గారు ఈయన పేరు రాశారు. పనిలో లోపం లేదని రాసి పంపితే చాలు, అయిపోతుంది. ఇది నాకు బస్సులోనే తెలిసింది. పక్క సీట్లో కూర్చున్న ఆవిడ ఆ పేటావిడే. "మా పేటలో ఇప్పటికి గవర్నమెంటు జీతం ఇద్దరు టీచర్లకే ఉందమ్మా, ఈయన మూడో మనిషి అవుతాడు" అంది.

నేను మూడు చోట్ల నీళ్ళు పట్టాను. చెరువులో వాసన లేదు. ఫిల్టరు దిగిన నీళ్ళలో వాసన లేదు. కుళాయిలో మాత్రం మొహం మీద కొట్టింది. పుళ్ళు కడిగే మందు వాసన. పసుపు రంగు తేల్చే మందు చుక్కలు వేసి క్లోరిన్ చూశాను, ఉండాల్సినంతే ఉంది. ఫిల్టరుకీ కుళాయికీ మధ్య కలిసేది బ్లీచింగ్ ఒక్కటే. కాబట్టి వాసన బ్లీచింగుది. ఇందులో అనుమానం ఏముంది? చిన్నపిల్లలు చేసే తీసివేత లెక్క.

"బ్లీచింగ్ ఎక్కువ కొడుతున్నావా ఏమయ్యా?" అన్నాను.

"లేదండి. ఎప్పుడూ వేసేదేనండి. డబ్బాతో కొలిచేనండి."

"అయితే రేపట్నుంచి సగం వెయ్యి."

ఆయన ఏదో అనబోయి ఏఈ గారి మొహం చూసి ఆగాడు. "అలాగేనండి" అన్నాడు. బ్లీచింగ్ సగానికి తగ్గించవలెను అని అక్కడే రిపోర్టు రాసి సంతకం పెట్టి, రైలు తప్పిపోతుందని పరిగెత్తుకొచ్చాను. రైల్లో కిటికీ దగ్గర సీటు దొరికింది. చాలా రోజులకి ఒక సమస్య తీర్చానని హాయిగా అనిపించింది.

వారం తిరక్కుండా ఏఈ గారి దగ్గర్నుంచి ఉత్తరం. వాసన తగ్గలేదు సరిగదా, రెండింతలయింది. ఊళ్ళో కుళాయి నీళ్ళు ముట్టడం మానేశారు. పొలాల్లో మడుగుల నీళ్ళు మోసుకుని తాగుతున్నారు. విరేచనాలతో నలుగురిని రేపల్లె ఆస్పత్రిలో చేర్చారు. ఆపరేటరు మీ సూచన పాటించాడో లేదో తెలియదు, సత్వరం అభిప్రాయం పంపగలరు అని.

నాకేమీ అర్థం కాలేదు. క్లోరిన్ తగ్గిస్తే క్లోరిన్ వాసన పెరగడం ఏంటి? కాగితం మీద పెట్టినా, తలకిందులు చేసి చూసినా కుదరడం లేదు. కుదరని లెక్క కుదరాలంటే ఒకటే దారి. వాడు సగం వెయ్యలేదు. వేసేవాణ్ణి వదిలేసి నా లెక్కని అనుమానించాలని నాకు తోచలేదు.

సరిగ్గా ఆ మర్నాడు పొద్దున్న నేను ల్యాబుకొచ్చేసరికి వరండాలో ఆయన కూర్చుని ఉన్నాడు. మొదటి రైలుకి వచ్చాడట. చేతిసంచిలో రెండు సీసాలు, గుడ్డ చుట్టి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఒక సంగతి చెప్పి పోదామని వచ్చానండి. బ్లీచింగ్ ఎక్కువేసిన రోజునే వాసన తక్కువుంటందండి."

"ఏంటీ?"

"నిజమేనండి. కొత్త బస్తా విప్పిన రోజు పొడి ఘాటుగా ఉంటది కదండి, ఆ రెండు మూడు రోజులూ ఊళ్ళో ఎవరూ వాసనంటం లేదండి. బస్తా అడుగుకొచ్చి పొడి చప్పబడేసరికి వాసన మొదలండి. ఇప్పుడు మీరు సగం వెయ్యమన్నాక ఇంక చెప్పే పని లేదండి. ఈ సీసాలు చూడండమ్మా, ఇది కొత్త బస్తా నాటిదండి, ఇది నిన్నటిదండి."

ఇప్పుడు ఇది రాస్తుంటే నాకే చేతులు కట్టేసినట్టుంది. ఆ మనిషి నా చేతిలో జవాబు పెట్టాడు. బస్తా పాతబడితే బ్లీచింగులో సత్తువ తగ్గుతుందని ఏ ఎనలిస్టుకైనా తెలుసు. అంటే ఆయన నాకు బస్తా బస్తాకీ ప్రయోగం చేసి ఫలితం తెచ్చిచ్చాడు. నాకు వినపడింది మాత్రం వేరే. ఎక్కువ వేస్తున్నట్టు దొరికిపోయాడు, ఎక్కువ వెయ్యడమే మంచిదని నన్ను నమ్మించడానికి వచ్చాడు, ఇదీ నాకు వినపడింది.

"సీసాలు అక్కడ పెట్టి వెళ్ళు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం నేర్చుకో" అన్నాను.

ఆయన సీసాలు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. పిన్నిగారు లోపల్నుంచి అంతా వింటూనే ఉంది. "అంత దూరం నుంచొచ్చిన మనిషికి మంచినీళ్ళన్నా ఇవ్వలేదు" అంది, నాకు వినపడేలా. నేను వినపడనట్టు లోపలికి పోయి, బాపట్ల నుంచి వచ్చిన పాతిక నమూనాలు ముందేసుకుని, వాటి మధ్యలో ఆ రెండో రిపోర్టు రాసేశాను. ఊరికి వెళ్ళకుండా, ఆ రెండు సీసాలు మూత తీసి చూడకుండా. 'ఆపరేటరు సూచించిన మోతాదు పాటించలేదని తెలియుచున్నది.' ఒక్క వాక్యం. చీఫ్ గారు చదివి సంతకం పెట్టేశారు.

నాలుగు రోజులు పోయాక పిన్నిగారు ఆ సీసాలు కడగడానికి తీసుకుని, కడగలేదు. నా బల్ల మీద తెచ్చి పెట్టింది.

"ఇది బ్లీచింగ్ వాసన కాదమ్మాయ్" అంది.

"మరేంటి?"

"బ్లీచింగయితే కళ్ళు మండుతాయి, ముక్కు పైన కొడతది. ఇది గొంతులో కూర్చుంటంది. ఇది వేరే సరుకు. నువ్వేం రాశావో నాకు తెలవదు గానీ ఇంకోసారి పోయి చూసి రా."

రెండు సీసాలూ నేనూ వాసన చూశాను. కొత్త బస్తా నాటిదాంట్లో దాదాపు ఏమీ లేదు. రెండోదానికి వెంటనే మూత పెట్టేశాను. ఆయన చెప్పింది చెప్పినట్టే ఉంది. బ్లీచింగ్ కాకపోతే ఏంటి? బ్లీచింగ్ కాకపోతే బ్లీచింగ్ కలిసాకే ఎందుకొస్తోంది? ఎక్కువైతే ఎందుకు పోతోంది? మూడు ప్రశ్నలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా మళ్ళీ వెళ్ళాను. ఏఈ గారు లేరు. ఆపరేటరు నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు. ఆ రిపోర్టు సంగతి ఆయనకి తెలుసో లేదో నాకు తెలియదు. మొహంలో ఏమీ కనపడలేదు.

"ఒకటి చూపించమంటారాండి?" అన్నాడు.

నాలుగు బిందెలు తెచ్చాడు. సంపులోకి పోయే నీళ్ళే నాలుగింటిలోనూ పట్టాడు. మొదటిదాంట్లో బ్లీచింగ్ వెయ్యలేదు. రెండోదాంట్లో నేను చెప్పిన సగం మోతాదు. మూడోదాంట్లో మామూలుది. నాలుగోదాంట్లో దానికి నాలుగింతలు. "గంట ఆగాలండి" అన్నాడు. గంటసేపు వేపపుల్లతో ఒక్కో బిందె కలుపుతూ కూర్చున్నాడు. నేను గోడ నీడలో కూర్చుని ఎమ్మెస్సీ పట్టా గురించి ఆలోచించాను.

గంట తర్వాత మొదటి బిందె వాసన లేదు. రెండోది దగ్గరికి పోలేకపోయాను. మూడోది దానికంటే నయం. నాలుగోది బ్లీచింగ్ ఘాటు తప్ప ఆస్పత్రి వాసన లేదు. ఆ బిందెని ఆయన ఎండలో పెట్టాడు. కాసేపటికి ఆ ఘాటూ తగ్గింది. దోసిలితో తీసి ఆయన తాగి చూపించాడు.

నేను ఆ నీళ్ళు వచ్చే కాలవ వెంట నడిచాను. ఫిల్టరు నుంచి సంపుకి పోయే చోట నీళ్ళు ఆపడానికి అడ్డంగా రెండు చెక్క పలకలున్నాయి. పట్టుకుంటే చేతికి నల్లగా అంటింది. జిగటగా, ఎండకి కరిగి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తారు.

"ఈ తారెవరు పూశారు?"

"నేనేనండి."

"ఎవరు పూయమన్నారు?"

ఆయన లోపలికి పోయి తనిఖీ పుస్తకం తెచ్చి, పేజీ తీసి, వేలు పెట్టి చూపించాడు. చలికాలంలో నేను తనిఖీకి వచ్చినప్పటి పేజీ. 'చెక్క పలకలు పుచ్చిపోవుచున్నవి. తారు పూయించవలెను.' కింద నా సంతకం. నా చక్కటి గుండ్రటి సంతకం.

"రేపల్లెలో పాత స్లీపర్లు అమ్మే కొట్లో దొరికిందండి, రైలు పట్టాల కింద చెక్కలకి పూసే సరుకు. రెండు పూతలు వేశానండి" అన్నాడు. పని బాగా చేశానని చెప్పే గొంతు, అంతే. దెప్పడం లేదు. దెప్పినా బాగుండేది.

పలకలు ఊడదీయించి బయట పడేయించాను. చెక్కముక్క ఒకటి చెక్కి సీసాలో వేసుకుని తెనాలి వచ్చాను. ఇక ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ చెప్పక తప్పదు, ఓపిక పట్టండి.

బొగ్గు తారులో ఫినాల్, దాని తోబుట్టువులు చాలా ఉంటాయి. ఫినాల్ అంటే ఆరు మూలల రింగు, ఒక మూలన ఓహెచ్ కూర్చుని ఉంటుంది. నీళ్ళలో కాస్త కరిగితే దానికదే వాసన తెలియదు. అందుకే మొదటి బిందె శుభ్రంగా ఉంది. కానీ ఆ ఓహెచ్ ఉన్నందువల్ల ఆ రింగు క్లోరిన్‌కి తేలిగ్గా లొంగుతుంది. ఓహెచ్‌కి అటొక మూల, ఇటొక మూల, ఎదురుగా ఒక మూల, ఆ మూడు చోట్లే క్లోరిన్ పట్టుకుంటుంది. ఒకటో రెండో పట్టుకుని ఆగిపోతే, ఆ పుట్టినదానికి చిటికెడుతో ఊరంతా కంపు చేసే వాసన. ఆగకుండా క్లోరిన్ ఇంకా పడితే మూడో మూలా నిండి, చివరికి రింగే తెగిపోతుంది. తెగిన ముక్కలకి ఆ వాసన లేదు. అంటే నేను సగం బ్లీచింగ్ వేయించి ఏం చేశానంటే, పనిని సరిగ్గా కంపు దగ్గర ఆపించాను.

పరీక్షలో ఇది పది మార్కుల ప్రశ్న. నాకు పదికి పది వచ్చాయి. అదే ప్రశ్న బిందెలో కనపడితే పోల్చుకోలేకపోయాను.

ల్యాబులో సీసాల్లో మళ్ళీ చేసి చూశాను, పిన్నిగారు ముక్కుతో, నేను మందులతో. అచ్చంగా ఆ బిందెల్లో లాగే వచ్చింది. అనుమానం తీరక, బీరువాలో ఉన్న ఇంకో సీసా కూడా తీశాను. అదీ ఫినాలే, కాకపోతే ఎదురు మూలలో నైట్రో తగిలించి ఉంటుంది. రంగు పసుపు. మామూలు ఫినాల్ వాసన గంటలో పోయిన మోతాదుకి, దీని పసుపు మర్నాడు కూడా అలాగే ఉంది. ఒక్క మూలలో ఒక్క గ్రూపు మారిందంతే, రింగు మొండికేసింది. నైట్రో రింగులోంచి ఎలక్ట్రాన్లు లాగేసుకుంటుంది కాబట్టి క్లోరిన్‌కి పట్టు దొరకదని పుస్తకంలో ఉంది. సరే. మరి తారులో ఉన్న తోబుట్టువుల్లో ఏది ఎంతసేపటికి తెగుతుంది? పలకలు తీసేసి, ఎక్కువ బ్లీచింగ్ వేయించాక కూడా మరో మూడు వారాలు కుళాయిలో సన్నగా ఏదో వాసన వచ్చింది. అది ఏ మూలలో ఏ తోక ఉన్నదో నేను ఈ రోజుకీ చెప్పలేను. మీ దగ్గర ఇప్పుడు పెద్ద మిషన్లున్నాయి, మీకైతే తెలిసేదేమో.

మూడో రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. చీఫ్ గారు నస్యం డబ్బా మూసి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన ఎప్పుడూ అలా కూర్చోలేదు.

"ఏమని రాస్తున్నావమ్మాయ్?"

"తారు వల్ల వచ్చిందని."

"రాయి. పూసింది ఆపరేటరని రాయి."

"పూయమంది నేను సార్."

"అది రాయక్కర్లేదు. అడిగితే కదా చెప్పాల్సింది. నీకింకా ప్రొబేషను అవలేదు. పైగా మొన్ననే వాడిది తప్పని ల్యాబు రాసింది. నిన్న రాసింది ఇవాళ కాదంటే రేపు మన కాగితం ఎవడు చదువుతాడు?"

ఆయన చెడ్డవాడు కాదు, మళ్ళీ చెబుతున్నాను. నన్ను కాపాడాలనే అన్నారు. ఆ రిపోర్టు రాయడానికి నాకు మూడు గంటలు పట్టింది. ఇది గొప్పకి చెప్పడం లేదు, మూడు గంటలు ఎందుకు పట్టిందని ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. మొదట ఆపరేటరు పేరు రాకుండా, నా పేరూ రాకుండా ఒకటి రాశాను. అది చదివితే తారు తనంతట తానే నడిచొచ్చి పలకకి అంటుకున్నట్టుంది. చింపేశాను. పిన్నిగారు ఎదురుగా సీసాలు తుడుస్తూ, తుడిచిందే తుడుస్తూ ఉంది. చివరికి ఉన్నదున్నట్టు రాశాను. తారు పూయమని రాసింది నేను. సగం మోతాదు వేయమన్నది నేను. ఆపరేటరు రెండూ అక్షరాలా పాటించాడు. ఆయన వచ్చి అసలు సంగతి చెప్పినా నేను పట్టించుకోలేదు. రెండో రిపోర్టులో నేను రాసిన వాక్యం అబద్ధం. చీఫ్ గారు రెండుసార్లు చదివి, నిట్టూర్చి, సంతకం పెట్టారు. నాకు మెమో వచ్చింది, ప్రొబేషను ఆర్నెల్లు పొడిగించారు. అది పెద్ద సంగతి కాదు.

రిపోర్టు నేనే చేత్తో పట్టుకుని ఏఈ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివి కళ్ళజోడు తీసేశారు.

"లిస్టు సోమవారమే వెళ్ళిపోయిందండి. మీ రెండో రిపోర్టు చూసి ఆయన పేరు నేనే కొట్టేశాను. ఇప్పుడేం చెయ్యను?"

"ఇది జతచేసి మళ్ళీ పంపండి సార్."

"పంపుతాను. వచ్చే లిస్టులో చూస్తారు."

పంపారు కూడా. వచ్చే లిస్టు రావడానికి రెండేళ్ళకి పైగా పట్టింది. అందులో ఆయన పేరు వచ్చింది. అబ్బ, గండం గడిచిందనుకున్నాను. నేను తెనాలి నుంచి బాపట్లకి, బాపట్ల నుంచి ఇంకెక్కడికో బదిలీ అయ్యాను. ఆయన్ని దాదాపు మర్చిపోయాను.

తొంభైల చివర్లో ఏదో మీటింగుకి రేపల్లె వెళ్ళినప్పుడు ఆ ఏఈ గారు కనపడ్డారు, అప్పటికి పెద్ద ఇంజనీరయ్యారు. మాటల్లో ఆపరేటరు రిటైరయ్యాడని చెప్పారు. పెన్షన్ రాలేదట. పెన్షన్ రావాలంటే పర్మనెంటయ్యాక పదేళ్ళ సర్వీసుండాలి. ఆయనకి ఏడు నెలలు తక్కువైంది. మొదటి లిస్టులో ఉండుంటే ఏడాదిన్నర మిగిలేది. ముందు చేసిన రోజుకూలీ సంవత్సరాలు లెక్కలోకి రావు. ఇంజనీరు గారు మామూలుగానే చెప్పారు, తర్వాత టీ వచ్చింది.

మీటింగ్ మధ్యలో లేచి బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను. పేటలో అడిగితే ఇల్లు చూపించారు. అరుగు మీద కూర్చుని వల అల్లుకుంటున్నాడు. నన్ను వెంటనే గుర్తుపట్టాడు. లేవబోతే వద్దని, నేనే పక్కన కూర్చున్నాను.

"పెన్షన్ సంగతి ఇప్పుడే తెలిసిందండి. అది నా వల్లే" అన్నాను. ఆయనతో 'అండి' అనడం అదే మొదటిసారని నాకు నోట్లోంచి వచ్చాక తెలిసింది.

"తెలుసండి. ఏఈ గారు అప్పుడే చూపించారండి, ఆ కాగితం. తర్వాత మీరు రాసిందీ చూపించారండి."

ఎలా మాట్లాడాలో తెలియక కెమిస్ట్రీ ఎత్తుకున్నాను. రింగని, ఓహెచ్ అని, మూడు మూలలని, సగం వేస్తే ఎందుకు కంపు కొడుతుందో, నాలుగింతలు వేస్తే ఎందుకు తెగుతుందో, అరుగు మీద వేలితో గీసి మరీ చెప్పాను. ఆయన వల పక్కన పెట్టి మొత్తం విన్నాడు.

"ఇది బాగుందండి. ఇన్నాళ్ళకి తెలిసింది" అన్నాడు. "కానీ నేనడగాలనుకున్నది ఇది కాదండి. ఆ రోజు తెనాలొచ్చి చెప్పాను కదండి, సీసాలు కూడా తెచ్చాను. నన్నెందుకు నమ్మలేదండి?"

పని ఎక్కువుందనో, వయసు చిన్నదనో, లెక్క కుదర్లేదనో చెప్పొచ్చు. అన్నీ నాలిక చివరకి వచ్చాయి. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు.

"మీరు చెప్పారు కాబట్టి నమ్మలేదండి" అన్నాను. "అదే మాట మా చీఫ్ గారు చెప్పుంటే నమ్మేదాన్ని."

ఆయన మెల్లగా తలూపాడు.

"నేనూ అదే అనుకున్నానండి" అన్నాడు. "కాకపోతే ఏమోలే, ఆ మందుల లెక్కలో నాకు తెలవని కారణం ఇంకేదన్నా ఉందేమోనని ఇన్నేళ్ళూ అనుకుంటా ఉన్నానండి."